పుట్టకముందే పెళ్లి చేశాను

పుట్టకముందే ఒక మనిషికి పెళ్లి చేసినవాణ్ణి నేను. రాత నాది, సంతకం నాది, కింద కొట్టిన మొహరు మాత్రం సర్కారుది. ఈ మాట ఎక్కడన్నా చెబితే నవ్వుతారు. ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం ఉసూర్ దగ్గరి ఒక ఊళ్ళో, తాటాకు పందిరి కింద, ఊరందరి ముందు నాకు నవ్వు రాలేదు.

దఫ్తర్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "పాత రికార్డులు చూడటం నేర్పండి సార్" అంటారు. ఏం నేర్పను? దుమ్ము పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి, చెద కనిపిస్తే కట్ట విప్పి ఎండలో పెట్టండి. అంతవరకు నేర్పగలను. మిగిలింది ఎవరికి వాళ్ళు దెబ్బ తిని తెలుసుకోవాల్సిందే. నాకు తగిలిన దెబ్బ చెబుతాను, వినండి. పేర్లు మాత్రం అడక్కండి. వాళ్ళ మనవలు ఇంకా ఆ దారుల్లోనే కొట్లు నడుపుకుంటున్నారు.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజులవి. విలీనానికి నాలుగైదేళ్ళ ముందు అనుకోండి. జగదల్‌పూర్‌లో ఒక రికార్డు గదిలో నేను నకలు గుమాస్తాను. అంటే పాత కాగితాలు చూసి వాటికి నకళ్ళు రాసిచ్చేవాణ్ణి. వయసు ఇరవై మూడు. అక్కడి వ్యవహారమంతా హిందీలో నడిచేది. కోంటా, భోపాలపట్నం వైపు నుంచి తెలుగు కాగితమో, తాటాకో వస్తే చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఊరికే అన్నారా? ఆకు చేతికి రాగానే నేను దాన్ని వెలుతురుకు పట్టుకుని, కనుబొమలు ముడిచి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండేవాణ్ణి. చదవడానికి అంతసేపు పట్టేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎదురుచూస్తారు కదా, అది బాగుండేది.

నా పైన ఒక రికార్డ్ కీపర్ ఉండేవాడు. రాయపూర్ వైపు మనిషి. కోపం ముక్కు మీద ఉండేది కానీ మనసులో ఏమీ పెట్టుకునేవాడు కాదు. దగ్గర కూర్చోబెట్టుకుని, "కాగజ్ ఝూఠ్ నహీఁ బోల్తా, బాబూ. మనుషులు అబద్ధాలాడతారు, కాగితం ఆడదు" అనేవాడు. నేను దాన్ని గాయత్రిలా జపించేవాణ్ణి.

ఆ ఏడు ఒక హుకుం వచ్చింది. అక్కడి గిరిజనులైన దోర్లల ఊళ్ళలో బయటి నుంచి వచ్చినవాళ్ళు భూమి దున్నుకుంటుంటే, పాత ఇళ్ళ లెక్క జరిగే నాటికే తమ పెద్దలు ఆ ఊళ్ళో ఉన్నారని చూపించాలి. చూపించలేకపోతే భూమి తిరిగి ఊరికి పోతుంది. ఇళ్ళ లెక్క అంటే అప్పటికి దాదాపు తొంభై ఏళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి రాసిన పుస్తకం. ఆ పుస్తకం మా గదిలో ఉండేది. హుకుం వచ్చిన నెలకల్లా మా గుమ్మం ముందు జాతర మొదలైంది. అందరికీ ముత్తాతలు కావాలి.

అలా వచ్చినవాడే మా సావుకారు. ఉసూర్ దగ్గరి ఊళ్ళో ఉప్పు, బట్టలు అమ్మే తెలుగు వర్తకుడు. అరవై ఐదు దాటాయి. తలపాగా, చెవులకు పోగులు, కూర్చుంటే బల్ల నిండే మనిషి. వెంట ఒక రేకు పెట్టె. ఆయన మీద ఆ ఊరి పటేల్ అర్జీ పెట్టాడు. వాగు పక్క ఉన్న పొలాన్ని పరదేశీలు ఆక్రమించుకున్నారని అందులో ఉంది. ఆ పొలం పోతే సావుకారు ఇంట్లో తిండికి గింజ ఉండదు, కొట్టు ఒక్కటే ఆధారం. అంతకన్నా మించి, పరదేశీ అన్న మాట ఆయనకు గుచ్చుకుంది.

"మేము పరదేశీలమా బాబూ? మా మూలపురుషుడు నలభై ఎద్దుల మీద ఉప్పు పెరికె సంచులు ఏసుకొని గోదారి దాటి వచ్చిండు. రాజుగారే పిలిచి జాగ ఇచ్చిన్రు."

"ఎప్పుడు?"

"శానా ఏండ్లాయె."

"శానా అని రాయడానికి కాగితంలో చోటు లేదు సావుకారు గారూ."

"నువ్వు తెలుగు పిల్లగానివి. నువ్వు చూస్తే దొరుకుతడు" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. నాలుగు వారాలు వెతికాను. ఇళ్ళ లెక్కలో ఆ ఊరికి ఒక్క పుటే ఉంది, పదకొండు ఇళ్ళు. ఇంటి యజమాని పేరు రాసి, మిగిలినవాళ్ళను అంకెల్లో చూపించి, చివర సన్నటి గడిలో ఏదో ఒక ముక్క గీకి పెట్టారు. యజమానులందరూ దోర్లలే. ఎద్దులతో వచ్చిన మహానుభావుడు ఎక్కడా లేడు. పక్క ఊళ్ళ పుటలు చూశాను. కోంటా వైపు కట్టలు కూడా విప్పాను. నలభై ఎద్దులు నడిస్తే కనీసం గిట్టల గుర్తులైనా ఉండాలి కదా, ఏమీ లేవు.

ఇక పెట్టె మీద పడ్డాను. జాతకాలు, తద్దినాల తిథులు రాసిన ఆకులు, రామకోటి ముక్కలు. వాటిలో ఒక లగ్నపత్రిక దొరికింది. తాటాకు మీద గంటంతో రాసింది. ఇక్కడ వాళ్ళ పేర్ల సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో మగవాళ్ళకు రెండే పేర్లు. ఒకటి దేవుడి పేరు, ఇంకొకటి కొండ పేరు అనుకుందాం. తాత పేరు మనవడికి పెట్టడం మనలో ఉన్నదే. అందుకని తాత దేవుడైతే కొడుకు కొండ, మనవడు మళ్ళీ దేవుడు. మా సావుకారు దేవుడు, ఆయన తాతా దేవుడే. ఇద్దరి తండ్రులూ కొండలే. లగ్నపత్రికలో ఏముందంటే, సర్వధారి నామ సంవత్సరంలో, ఫలానా ఊళ్ళో, కొండ కొడుకైన దేవుడికి పెళ్లి. ఊరు ఇదే ఊరు. ఆకు చివర రెండంగుళాలు లేవు. పెళ్లికూతురి పేరు ఉండాల్సింది అక్కడే. చెద తినేసిందనుకున్నాను.

"ఇది మీ తాతగారి లగ్నపత్రికేనా?" అని అడిగాను.

"ఆయన పేరే గదా ఉన్నది" అన్నాడు సావుకారు, తలపాగా సర్దుకుంటూ.

నేను లెక్క కట్టాను. మన సంవత్సరాలు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. దగ్గరి సర్వధారి యాభై ఐదేళ్ళ కిందటిది. ఆకు చూస్తే పొగచూరి నల్లగా, ముట్టుకుంటే విరిగేలా ఉంది. యాభై ఐదేళ్ళకు ఇంత ముసలిదవుతుందా? కాబట్టి దాని ముందటి సర్వధారి, నూట పదిహేనేళ్ళ నాటిది. అంటే తాత పెళ్లి ఇళ్ళ లెక్క కన్నా చాలా ముందే ఆ ఊళ్ళో జరిగింది. దొరికాడు! కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు తిరిగాను. ఆకు పొయ్యి మీది అటక మీద ఉంటే యాభై ఏళ్ళేమిటి, పదేళ్ళకే నల్లబడుతుందని మా అమ్మనడిగినా చెప్పేది. నేను అడగలేదు.

రికార్డ్ కీపర్ నా వీపు తట్టాడు. ధ్రువపత్రం రాసి సంతకం పెట్టాను. "విచారణకు నువ్వు కూడా వెళ్ళు. ఆకు చదివేవాడు అక్కడ ఉండాలి" అని పంపించాడు. ఇళ్ళ లెక్క పుస్తకం బట్టలో చుట్టి నా చేతికిచ్చాడు.

మా బస్తర్ బీజాపూర్ దాకా లారీలో, అక్కడి నుంచి ఎడ్లబండి మీద, చివర నడక. ఇప్పుడు కిరండూల్ కొండల్లోని ఇనుప రాయి రైలెక్కి విశాఖపట్నం పోతోంది. అప్పుడు ఆ కొండలను చుట్టుకుని పోవడానికే మాకు నాలుగు రోజులు పట్టింది. తహసీల్దారు సాహెబ్ మాకన్నా ముందే వచ్చి పందిరి వేయించుకున్నాడు. హిందీ తప్ప ఇంకో భాష రాదు. తెలుగు, దోర్లీ కలిపి మాట్లాడే ఆ ఊళ్ళో ఆయనకు చెవీ నోరూ నేనే.

పందిరికి ఒక పక్క సావుకారు, ఆయన కొడుకులు, వెనకాల గోడవారగా ఆడవాళ్ళు. ఇంకో పక్క పటేల్, ఆయన ఊరివాళ్ళు. పటేల్ సన్నటి మనిషి, సావుకారు ఈడువాడే. చేతిలో కర్ర నేలకు ఆనించి, చెప్పులు విప్పి వెనక పెట్టి కూర్చున్నాడు. అంత నెమ్మదైనవాడు భూమి లాక్కోవడానికి వచ్చాడంటే నాకు నచ్చలేదు.

నేను లేచి ఆకు చదివాను. రాగం తీశాననే చెప్పాలి. సంవత్సరం, మాసం, తిథి, కొండ, దేవుడు, ఊరు. నూట పదిహేనేళ్ళ కిందటిదని హిందీలో సాహెబ్‌కూ, తెలుగులో ఊరికీ చెప్పాను. ఆకును పైకెత్తి చూపించాను.

వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. "అయ్యో, గది మా పెండ్లిదే గదా!"

సావుకారు భార్య. అరవై దాటినావిడ, చిన్న మనిషి. సంబరంగా రెండడుగులు ముందుకొచ్చింది.

"ఆ కొస నేనే కొరికిన. ఎనిమిదేండ్లదాన్ని. పంతులు సదువుతనే ఉండె, సదువుతనే ఉండె. నాకు ఆకలైంది. చేతికిచ్చిన్రు, కొరికిన. మా అమ్మ ఈపు మీద ఒక్కటిచ్చింది. ఇంకా దాచిపెట్టిన్రా దాన్ని?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తాను ఏం చేసిందో ఆవిడకు తెలియదు. తన పెళ్లి ఆకు సాహెబ్ ముందు చదివారన్న ఆనందంలోనే ఉంది. నేను సావుకారు వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"క్యా కహ్ రహీ హై?" అన్నాడు సాహెబ్.

చెప్పాల్సింది నేనే. నా మెడకు తాడు నేనే పేనుకుంటున్నట్టు ఒక్కొక్క మాటా హిందీలోకి మార్చాను. ఆకు నూట పదిహేనేళ్ళది కాదు, యాభై ఐదేళ్ళది. తాతది కాదు, ఈ ఎదురుగా కూర్చున్నాయనది. పంటి గాటును నేను చెద అనుకున్నాను.

"సావుకారు గారూ, మీకు తెలుసా?" అన్నాను.

"నా పెండ్లి నాకు తెల్వదా? నువ్వు సదువుకున్నోనివి. లెక్క కట్టి చెప్పినవు. నేను కాదనలే, అంతే."

ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు మరి! అబద్ధమంతా నా చేత ఆడించాడు.

సాహెబ్ ధ్రువపత్రం తీసుకుని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. నా నౌకరీ ఆ జేబులోకి వెళ్ళిపోయిందనుకున్నాను. "అయితే వీళ్ళు పరదేశీలే. పొలం ఊరికి. పటేల్, చెప్పేదేమన్నా ఉందా?" అన్నాడు.

పటేల్ లేచాడు. గెలిచినవాడు ఎలా ఉంటాడో చూద్దామని తలెత్తాను.

"ఈళ్ళు పరాయోళ్ళని మేమెప్పుడన్నం?" అన్నాడు.

అర్థం కాలేదు. "అర్జీలో ఉంది కదా!" అన్నాను.

"అది బీజాపూర్ల రాసిచ్చే ఆయన రాసిండు. మేము చెప్పింది వేరే. అది రాయనీకి రాదు, హుకుం ఇట్లున్నది, ఇట్ల రాస్తేనే పనైతది అన్నడు. మాకు సదువొస్తదా? ఏలు ముద్ర ఏసినం."

"మరి మీరు చెప్పిందేమిటి?"

పటేల్ కర్ర రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "మా ఆడబిడ్డ రాయికి ఈళ్ళు బర్రెను కట్టేస్తున్రు. ఆళ్ళ నాయన నాటి నుంచి కట్టేస్తున్రు. చెప్పి చెప్పి మా నోర్లు పడిపోయినయి."

సాహెబ్‌కు చెప్పాను. ఆయన రెండుసార్లు అడిగాడు, నేను రెండుసార్లూ అదే చెప్పాను. చూపించమన్నాడు. అందరం వాగు పక్క పొలానికి నడిచాం. గట్టు చివర, నడుమెత్తు నిలువు రాయి ఒకటి ఉంది. దోర్లలు చనిపోయినవాళ్ళ కోసం అలాంటి రాళ్ళు నిలబెడతారు. ఏటా కొత్తల పండగకు కొత్త గింజలు ఆ రాళ్ళ ముందు పెట్టి, ఆ తర్వాతే తాము తింటారు. ఈ రాయి నడుముకు పలుపు తాడు ఒరుసుకుని గాడి పడింది. తాడు చివర ఒక బర్రె పడుకుని నెమరు వేస్తోంది.

పటేల్ రాయికి కాస్త దూరంలోనే ఆగి చెప్పాడు.

"మా తాతకు ఆళ్ళ అవ్వ చెప్పింది. కరువు ఏడు. నది అవతల నుంచి ఒక పడుచు మనిషి వచ్చింది. నెత్తిన ఉప్పు బుట్ట, సంకన పిల్లగాడు. మొగుడు దార్ల జరమొచ్చి సచ్చిపోయిండు. ఎద్దులు లేవు, ఏం లేవు. మా ఇంటి పసుల కొట్టంల ఉన్నది. మావోళ్ళు ఇంటి ఆడబిడ్డ అనుకున్నరు. పిల్లగాడు పెద్దగయినంక పెండ్లి చేసి ఈ పొలం ఇచ్చిన్రు. ఆమెకిచ్చిన్రు, ఆయనకు గాదు. ఆమె సచ్చిపోతే మీ ఆసారం పకారం కాలబెట్టిన్రు. మా ఆసారం పకారం మేము రాయి పెట్టినం. ఆ సంకల పిల్లగాడే," అని కర్రతో సావుకారును చూపించి, "ఈయన తాత" అన్నాడు.

నాకు చప్పున ఏదో తట్టింది. అక్కడే గట్టు మీద కూర్చుని బట్ట మూట విప్పాను. ఇళ్ళ లెక్కలో ఆ ఊరి పుట, మొదటి ఇల్లు పటేల్ ముత్తాతది. మనుషుల అంకెల పక్కన, సన్నటి గడిలో: "ఇందులో నది అవతలి బేవా ఒకటి, ఆమె కొడుకు ఇరవై ఏండ్లవాడు, కోడలు." బేవా అంటే విధవరాలు. ఆ గీత నేను చదవలేదని కాదు. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పేరు లేదు, పైగా ఆడది, అందుకని ప్రతిసారీ దాటి వెళ్ళాను. నాలుగు వారాలు నేను వెతికింది ఎద్దులతో వచ్చే మగవాణ్ణి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆ గట్టు మీద తెలిసింది. సిగ్గుతో పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయాను.

తొంభైకి ఇరవై కలిపితే నూట పది. నేను తాతకు పెళ్లి చేయించిన సర్వధారికి ఆయన ఇంకా పుట్టనే లేదు.

సాహెబ్‌కు మాత్రం సంతోషమైంది. చిక్కుముడి విడిపోయింది కదా. "బాగుంది. ఈమె ఇళ్ళ లెక్కకు ముందే వచ్చింది. ఈమె మీ పెద్ద అని ఒప్పుకుంటే పొలం మీదే. ఈ రాయి సంగతి మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు. నేను సావుకారుకు తెలుగులో చెప్పాను. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఒక్క మాటే కదా!

ఆయన ముఖం నల్లబడింది.

"పసుల కొట్టంల ఉన్న ముండమోపి మా మూలపురుషుడా? ఈళ్ళింట్ల తిన్నదా? ఈ మాట భద్రాచలం దాక పోతే నా మనవరాండ్లను ఎవడు చేసుకుంటడు? ఈ రాయికి నేను దండం పెట్టాల్నా?" కోపం కన్నా ఆ గొంతులో భయమే ఎక్కువగా వినిపించింది నాకు. "మాది నలభై ఎద్దుల వంశం. నా నాయన చెప్పిండు, ఆయన నాయన చెప్పిండు."

తాత చెప్పి ఉంటాడు. తల్లి చంకలో ఉప్పు బుట్ట కింద కూర్చుని వచ్చిన పిల్లవాడు, పెద్దయ్యాక తన కొడుక్కి నలభై ఎద్దుల కథ చెప్పి ఉంటాడు. నేను మాత్రం కాదంటానా? నాకూ అలాంటి కథలు ఉన్నాయి.

సావుకారు వెనుదిరిగి వెళ్ళిపోయాడు, కొడుకులు ఆయన వెంట. సాహెబ్ విచారణను నెలకు వాయిదా వేశాడు. అందరూ కదులుతుంటే సావుకారు భార్య మాత్రం రాయి దగ్గరే నిలబడింది. చూస్తుండగానే కొంగు తల మీదికి లాక్కుంది, అత్తగారి ముందు కోడలు లాక్కున్నట్టు. వంగి, పలుపు ముడి విప్పింది. ముడి బిగిసిపోయి ఉంది, చాలాసేపు పట్టింది. బర్రెను అదిలించుకుంటూ ఇంటి దారి పట్టింది.

జగదల్‌పూర్ వెళ్ళి రికార్డ్ కీపర్ ముందు నిలబడ్డాను. నౌకరీ పోతుందనుకున్నాను. ఆయన రిజిస్టరు తెరిచి, అందులోని ధ్రువపత్రం నకలు మీద ఎర్ర సిరాతో 'రద్దు' అని నా చేతే రాయించాడు. కింద కారణం కూడా నా చేతే రాయించాడు. "కాగితం అబద్ధమాడదన్నాను. చదివేవాడు ఆడడని అన్నానా?" అన్నాడు. ఆరు నెలలు కట్టల దుమ్ము దులిపే పనికి వేశాడు. అంతటితో వదిలినందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నెల తిరిగాక మళ్ళీ అదే పందిరి, తెలుగు వచ్చినవాణ్ణి కాబట్టి దుబాసీగా మళ్ళీ నేనే. సావుకారు చిక్కిపోయి వచ్చాడు. ఒక కాగితం తీసి సాహెబ్ ముందు పెట్టాడు. పొలం తనకు వద్దని, ఊరికి వదిలేస్తున్నానని అందులో ఉంది. సంతకం కూడా చేసేశాడు.

"ఆడిదాని పేరు చెప్పుకొని అన్నం తినను. మీ పొలం మీరే ఉంచుకోన్రి" అన్నాడు పటేల్‌తో.

ఇంతటి పట్టుదల ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అంత పొలం! పటేల్ తన వాళ్ళతో దోర్లీలో చాలాసేపు మాట్లాడాడు. ఒక ముసలాయన గట్టిగా ఏదో అన్నాడు, ఇంకొకాయన తల అడ్డంగా ఊపాడు. చివరకు పటేల్ నా వైపు తిరిగాడు.

"ఆడబిడ్డకు ఇచ్చింది ఎనక్కి తీసుకునుడు మా కాడ లేదు. ఈయనకు వద్దంటే వద్దు. ఆమె కోడలి వరస మనిషి ఇంట్ల ఉన్నది గదా. తాడు ఇప్పింది ఆమెనే గదా. ఆమె పేరు రాయన్రి."

సాహెబ్ కుర్చీలో ముందుకు వంగి, "ఔరత్ కే నామ్?" అన్నాడు. ఆడదాని పేరు మీద భూమా అని నేనూ నమ్మలేకపోయాను. సావుకారు సాహెబ్ ముందున్న తన కాగితం వైపు చూశాడు. వదులుకుంటున్నానని అప్పుడే సంతకం చేసినవాడు ఏమని అడ్డం చెబుతాడు? నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి పేరు అడిగాను. ఆవిడ చెప్పింది, నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా. రాసుకున్నాను.

"ఆ పొలం గింజ నా గొంతు దిగదు. చెప్తున్న, ఇంటున్నవా?" అని సావుకారు అందరి ముందూ భార్య మీద అరిచాడు.

"సరే, తినకున్రి" అంది ఆవిడ.

ఆ తర్వాత రెండేళ్ళకు వేరే పని మీద ఆ దారిన వెళ్ళాను. సావుకారు కొట్టు అరుగు మీదే ఉన్నాడు. ముసలితనం వచ్చింది కానీ బల్ల నిండే కూర్చోవడం పోలేదు. నన్ను చూసి సంతోషించాడు. తప్పు నాది, మోసం ఆయనది, ఇద్దరం ఆ ఊసే ఎత్తలేదు. ఆయనే కాసేపటికి, "చూసినవా బాబూ, అన్నమాట మీద నిలబడ్డ. ఆ పొలం గింజ ఇంతవరకు ముట్టలే. నెలకోసారి భోపాలపట్నం నుంచి బియ్యం తెప్పించుకుంటున్న. నాకు వేరే వండుతది. మాట అంటే మాటే" అన్నాడు. గర్వం కళ్ళలో కనబడుతోంది. పట్టుదల అంటే ఇదీ అనుకున్నాను నేను కూడా.

భోజనం చేయందే పోనివ్వనన్నారు. లోపల పీట వేశారు. ఆవిడ వడ్డిస్తోంది. అన్నం ఘుమఘుమలాడుతోంది, కొత్త బియ్యం. పాపం, ఈ వయసులో రెండు వంటలా అనిపించి, "రోజూ రెండు కుండలు పెట్టడం కష్టం కదమ్మా?" అన్నాను.

ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రెండెక్కడియి నాయనా? మొదటి దినం నుంచి ఒక్కటే కుండ. అంతా ఈ పొలం బియ్యమే."

"మరి ఆయన తెప్పించే భోపాలపట్నం బియ్యం?"

"అవా? అవి రాయి కాడ పెద్దమ్మకు పెడ్తున్న. మిగిలినయి పటేలోళ్ళ పిల్లలు తింటరు" అని, ఇంకొంచెం పప్పు వేసింది. "ఆయనకు చెప్పకు."